ఎడమ నుంచి మూడో మనిషి

మతొజీన్యుష్ రేవులో సార్డీన్ ఫ్యాక్టరీలు
ఇప్పుడు సగం హోటళ్లు, సగం పావురాలవి.
మా తరగతికి ఇచ్చిన పని:
ఆ ఫ్యాక్టరీల పటం తెర మీద గీయాలి,
చుక్క మీద వేలు పెడితే
ఒక బొమ్మ కనబడాలి, ఒక గొంతు పలకాలి.

నాకు బొమ్మ తొందరగానే దొరికింది.
బల్ల ముందు పన్నెండుమంది ఆడవాళ్లు,
తలలకు తెల్లగుడ్డలు, చేతుల్లో చేపలు.
కింద అంచున పెన్సిల్ రాత ఏదో అలుక్కుపోయి ఉంటే
చూడ్డానికి బాగోలేదని కత్తిరించేశాను.
"ఇంటర్నెట్ నుంచి" అని రాసి
హాయిగా పడుకున్నాను.

బెల్మీరు మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ అడిగారు:
"ఇరియా, ఈ చేప ఎవరిదంటే
సముద్రానిదంటావా?
పడవకి పేరుండదా?"
క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను, చెవులు మాత్రం కాలాయి.
సొమ్మొకరిది, సోకొకరిది.
ఆ రోజు సోకు నాది.

కత్తిరించిన ముక్క మళ్లీ వెతికాను.
పెద్దది చేసి చూస్తే పెన్సిల్ గీతలు
మెల్లగా అక్షరాలయ్యాయి: అన్సెల్ము, మార్చి 1961.
అన్సెల్ము లేడు. కూతురు ఓతీలియా
తాళాలు బాగుచేసే కొట్టులో ఉంది.
మనిషి పోయాక డెబ్బై ఏళ్లదాకా
హక్కు కుటుంబానిదేనని బడిలో నేర్చింది అప్పజెబితే
ఆకురాయి ఆపకుండానే అంది:
"హక్కులకేం గానీ, మా నాన్నకి ఇంటిపేరు కూడా రాయి.
ఊళ్లో ఇంకో అన్సెల్ము ఉండేవాడు, తాగుబోతు."

సంతకం సిరా ఆరుతుండగా
తాళంచెవి ఒకటి వెలుతురులో తిప్పుతూ:
"ఫోటో మా నాన్నది. మొహాలు కావు కదా.
ఎడమ నుంచి మూడో మనిషి జుల్మీర
బతికే ఉంది, చర్చి వెనక సందులో."

జుల్మీరకి ఎనభై నాలుగు.
కాగితం నా వైపే తోసింది: "నువ్వే చదువు, గట్టిగా."
నాలుగో వరుస దగ్గర చెయ్యెత్తి ఆపింది.
"ఎప్పటికీ, ప్రపంచమంతటా అంటే?"
ఎప్పటికీ అంటే ఎప్పటికీ, అన్నాను.
"నేనే అంతకాలం ఉండను. నా మొహం ఎందుకే?"

తర్వాత బొమ్మలో తన కుడిచెయ్యి చూపించింది,
పక్కామె గౌను మడతల్లో దాక్కున్న చెయ్యి.
కత్తి వేలు తీసుకుపోయి అప్పటికి వారం.
"యజమాని నిలబడమన్నాడు, నిలబడ్డాం.
నవ్వమన్నాడు, నవ్వాం.
మమ్మల్ని ఎవరడిగారు?
ఇన్నేళ్లకి నువ్వడిగావు.
అడిగావు కాబట్టి చెప్తున్నా: వద్దు."

అడిగితే ఔననే అంటారనుకున్నాను.
అడగడంలో ఈ వద్దు కూడా ఉందని
కాఫీ చల్లారేదాకా అర్థం కాలేదు.

మొహం వద్దంది. గొంతు ఉంచుకోమంది.
ఫ్యాక్టరీ కూత కూసినా
ఒక్కరూ గేటు దాటని ఆ పొద్దు గురించి చెప్పింది.
యజమాని చెవిలో పేర్లు ఊదినామె పేరూ చెప్పి
రికార్డవుతున్న ఫోన్ వైపు చూసి ఆగింది:
"అది తీసెయ్. ఆమె మనవలు ఈ వీధిలోనే ఉంటారు."

తీసేశాను. అతుకు కనబడకుండా కలపలేదు.
అక్కడ నాలుగు సెకన్లు
ఏమీ వినిపించదు.

ఆమె ఒక్కదాన్నీ మసక చేస్తే సరిపోయేది కదా, అన్నారు.
మిగతా పదకొండుమందినీ అడిగానా?
తొమ్మిదిమంది మట్టిలో ఉన్నారు,
ఇద్దరి జాడ తెలీలేదు.

ఇప్పుడు నా చుక్క నొక్కితే
బూడిదరంగు గడి ఒకటి తెరుచుకుంటుంది.
కింద రాత చాలా పొడవు:
తీసినవాడు, ఇచ్చినామె, వద్దన్నామె.
"నీ ఫోటో లోడ్ కావట్లేదు" అని దువార్తె రోజూ ఏడిపిస్తాడు.
మాస్టారు "చిత్రాలు" అన్న గడిలో సున్నా వేసి,
పక్కన ఏదో రాసి, కొట్టేశారు.

ఇక్కడున్న మాటలు కూడా ఫోన్లో ఆమెకి చదివి వినిపించాను.
రెండు పంక్తులు తీసెయ్యమంది, తీసేశాను.
వేలు సంగతి ఉండనీ అంది.
"నా పేరు కింద పని ఏమని రాశావు?"
డబ్బాల్లో చేపలు పేర్చడం.
"పేర్చడం కాదు, కోయడం.
పేర్చినవాళ్లకి
అన్ని వేళ్లూ ఉంటాయి."